పందిట్లో పాట... ఫోన్లో పాట!

రాత్రి పది దాటింది. కోనసీమలో ఓ ఊరి తీర్థం. కొబ్బరిచెట్ల నడుమ వేదిక, దాని చుట్టూ రంగురంగుల సీరియల్ బల్బులు. 'హలో... మైక్ టెస్టింగ్' అంటూ ఆర్కెస్ట్రావాళ్లు కీబోర్డూ ప్యాడ్లూ సర్దుకుంటున్నారు. ముందు వరుసలోకి ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని మరీ కూర్చున్నాడు తాతయ్య, ఘంటసాల పాట ఎప్పుడొస్తుందా అని. పక్కనే మనవడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను. అందులో వాడికి నచ్చిన సంగీత దర్శకుడి అభిమానుల వాట్సాప్ గ్రూపు. హైదరాబాద్ నుంచి ఒకడు, డాలస్ నుంచి ఒకడు, కువైట్ నుంచి ఇంకొకడు... కొత్త పాటలో వేణువు వాయించింది ఎవరా అని తెగ వాదించుకుంటున్నారు.

"ఒరేయ్, ఇంతమంది మధ్యకొచ్చి కూడా ఆ ఫోనేంట్రా?" అంటాడు తాతయ్య.

"ఇందులోనూ చాలామందే ఉన్నారు తాతయ్యా" అంటాడు మనవడు, ఫోను చూపిస్తూ.

ఈ తాతామనవలు ఫలానా ఇంటివాళ్లని కాదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట... ఏ ఊరి తీర్థానికెళ్లినా కనిపిస్తారు. ఇద్దరికీ పాటంటే ప్రాణమే. ఇద్దరూ తమలాంటి వాళ్ల మధ్య కూర్చునే వింటున్నారు. కాకపోతే ఒకరిది పందిరి, ఇంకొకరిది తెర. రెండూ పాట కోసం చేరిన గుంపులే అయినప్పుడు తేడా ఏముంది అనిపిస్తుంది. ఉంది. అదేంటో తెలియాలంటే తాతయ్య కూర్చున్న పందిరి నుంచే మొదలుపెట్టాలి.

శంకరగుప్తం పిల్లాడు

కోనసీమలో, సముద్రానికి దగ్గర్లో శంకరగుప్తం అనే పల్లె ఉంది. 1930 జులై 6న అక్కడ ఓ పిల్లాడు పుట్టాడు. తండ్రి పట్టాభిరామయ్య వేణువు వాయించేవారు. తల్లి సూర్యకాంతమ్మకు వీణలో ప్రవేశం ఉంది. పిల్లాడు పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఆమె కన్నుమూసింది. మురళీకృష్ణ అని పేరు పెట్టుకున్న ఆ పిల్లాడు విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర శిష్యుడిగా చేరాడు. ఎనిమిదేళ్ల వయసులో అక్కడి త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేశాడు. అది విని మురిసిపోయిన హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్, పేరుకు ముందు 'బాల' చేర్చారు. అలా తయారయ్యారు మంగళంపల్లి బాలమురళీకృష్ణ! 1991లో పద్మవిభూషణ్ అందుకుని, 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూసేదాకా ఆ 'బాల' ఆయన్ని వదల్లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ పేరు ఇంట్లో పెట్టింది కాదు... సభ పెట్టింది. ఎనిమిదేళ్ల పిల్లాడు తడబడితే ఎదురుగా ఉన్న పెద్దల మొహాల్లో తెలిసిపోతుంది. సంగతి బాగా పడితే 'భళా' అనే మాటా అక్కడికక్కడే వినిపిస్తుంది. వేదిక మీదున్నవాడు వింటున్నవాళ్లను చూస్తూ దిద్దుకుంటాడు. పాటగాణ్ణి పాటగాడిగా మలిచే పని సగం గురువుది, సగం జనానిది.

ఇది మన ఊళ్ల ముచ్చటే అనుకోనక్కర్లేదు. ఇంగ్లాండులోని లివర్‌పూల్‌లో 'కావెర్న్' అని ఓ క్లబ్బు ఉండేది. పేరుకు తగ్గట్టే నేలమాళిగ. గాలాడదు, గోడలు చెమ్మ. ఊళ్లోని గుమాస్తాలూ దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలూ మధ్యాహ్న భోజన విరామంలో అక్కడికి పాటలు వినడానికి వెళ్లేవాళ్లు. 1961 నుంచి 1963 దాకా నలుగురు కుర్రాళ్ల బృందం అక్కడ దాదాపు 300 సార్లు పాడింది. వాళ్లే బీటిల్స్. ప్రపంచం వాళ్లను వినకముందే ఆ నేలమాళిగ విని, అరిచి, అడిగి మళ్లీ మళ్లీ పాడించుకుంది.

విజయవాడ సభా లివర్‌పూల్ క్లబ్బూ పోలికలేని చోట్లు. అయినా చేసింది మాత్రం ఒకే పని!

పందిరికీ ఓ గుమ్మం

అయితే పందిరి గురించి మంచే చెప్పుకుంటే అది సగం నిజమే అవుతుంది. పందిరికి గుమ్మం ఉంటుంది. ఆ గుమ్మం దగ్గర ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పేవాళ్లూ ఉంటారు.

తిరువయ్యారులో త్యాగరాజ స్వామి సమాధి చుట్టూ గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ. 1920ల్లో సొంత డబ్బు ఖర్చుపెట్టి ఆ పని చేసిందామె. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను 1910లో మళ్లీ అచ్చువేయించిందీ ఆవిడే. అంత చేసిన మనిషికే అక్కడి ఉత్సవంలో పాడే అవకాశం లేదు! ఆడవాళ్లు పాడకూడదన్నారు. ఆమె ఊరుకోలేదు. ఆడవాళ్లతోనే వేరుగా ఆరాధన చేయించింది. 1940ల మొదట్లో అందరూ ఒక్కటయ్యాకే ఆ గుమ్మం తెరుచుకుంది.

మన పల్లెల్లోనూ అంతే. సన్నాయి ఊదేవాళ్లు లేనిదే పెళ్లి జరగదు, డప్పు లేనిదే ఊరేగింపు కదలదు. కానీ ఆ వాయిద్యాలు పట్టుకున్న చేతులకు కచేరీ సభల్లో ముందు వరుస కుర్చీ దొరికిన రోజులు ఎన్ని? పాట అందరిదీ అనుకుంటాం. పందిరి మాత్రం ఎప్పుడూ అందరిదీ కాలేదు.

గోడ పక్కన పాట

అందుకే 2018లో జరిగిన సంగతి చెప్పుకోవాలి. తూర్పుగోదావరి జిల్లా వడిసలేరులో బేబీ అనే ఆవిడ పనిచేసుకుంటూ పాడుకునేది. సంగీతం నేర్చుకున్నది లేదు. ఎక్కిన వేదికలు లేవు. ఓ రోజు 'ప్రేమికుడు' సినిమాలోని పాట పాడుతుంటే ఎవరో ఫోన్లో వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. అంతే... ఫోన్ నుంచి ఫోన్‌కి పాకిపోయింది. ఆ నవంబరులో ఆ పాట కట్టిన ఏఆర్ రెహమానే స్వయంగా ఆ వీడియోను తన పేజీలో పంచుకున్నారు. తర్వాత రఘు కుంచె సంగీతంలో ఆవిడ పాట రికార్డయింది. జనం 'పల్లె కోయిల' అని పిలుచుకున్నారు.

ఏ సభ కమిటీ అయినా ఆవిడని పిలిచేదా? పిలవడానికి ముందు ఆవిడ ఉందని తెలియాలి కదా! తెర మీద కూడే గుంపుకు ఉన్న గొప్పతనం ఇదే. అక్కడ ముందు వరుస లేదు. ఆహ్వాన పత్రిక అక్కర్లేదు. ఎవరి అమ్మాయివి, ఏ ఊరు, ఎక్కడ నేర్చుకున్నావు అని అడక్కుండానే ముందు పాట వింటారు. చంటిపిల్లను నిద్రపుచ్చి, అర్ధరాత్రి వంటింట్లో కూర్చుని స్మ్యూల్ యాప్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లతో యుగళగీతం పాడుకునే ఇల్లాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. కాలేజీ రోజుల్లో ఆగిపోయిన పాటను పదిహేనేళ్ల తర్వాత మళ్లీ గొంతులోకి తెచ్చుకున్నవాళ్లు వాళ్లలో ఎందరో!

ఉత్తరాల నుంచి ఇంటర్నెట్ దాకా

నిజానికి ఒకరినొకరు చూసుకోని అభిమానులు పాట కోసం ఒక్కటవడం ఇంటర్నెట్‌తో మొదలైంది కాదు. రేడియో సిలోన్‌లో 1952లో మొదలైన 'బినాకా గీత్‌మాలా'కి అమీన్ సయానీ గొంతు ఎంత ప్రసిద్ధమో, కోరిన పాటల కోసం రేడియోకి ఉత్తరాలు రాసే ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరూ అంత ప్రసిద్ధం. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. కోరిన పాటల కార్యక్రమాలు వచ్చాక మన ఇళ్లలోనూ అదే సందడి. కార్డు మీద ఇంటిల్లిపాది పేర్లూ రాసి పోస్టులో వేసి, ఆ రోజు రేడియో చుట్టూ చేరేవాళ్లు. పాట వచ్చే ముందు చదివే ఆ పేర్ల జాబితాలో మన పేరు వినిపిస్తే... పాటకన్నా అదే గొప్ప! వారం వారం వినిపించే పొరుగూళ్ల పేర్లు చుట్టాల పేర్లలా నోటికి వచ్చేసేవి. ఎన్నడూ కలిసింది లేదు. అయినా 'ఆ పాట అడిగాడంటే వాడు మనవాడే' అనుకునేవాళ్లు.

1990ల్లో విదేశాలకెళ్లిన మనవాళ్లు ఇదే పనిని కంప్యూటర్ మీద మొదలుపెట్టారు. అప్పటికి తెరమీద తెలుగు అక్షరం రాయడమే కష్టం. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్లు రూపొందించిన 'ఆర్‌టీఎస్' పద్ధతిలో తెలుగును ఇంగ్లిషు అక్షరాలతో రాసుకునేవారు. యూజ్‌నెట్ అనే చర్చావేదికల్లో తెలుగుకో విభాగం, భారతీయ సంగీతానికి వేరే విభాగాలు. ఈ పాట ఏ రాగం, ఆ పాట రాసిందెవరు, చరణంలో వినపడని ఆ మాటేంటి... ఇవే చర్చలు. ఒకరికి గుర్తున్న ముక్కకు మరొకరు తమకు గుర్తున్నది అతికించి పాట పూర్తిచేసేవారు.

రెహమాన్ అభిమానుల బృందం 1999లో మొదలై యాహూ గ్రూప్స్‌లో పెరిగింది. సంగీత దర్శకుడి కోసం కటౌట్లు పెట్టకుండా, పాలాభిషేకాలు చేయకుండా, పాట లోపలి పనితనం గురించి మాట్లాడుకున్న అభిమానులు వాళ్లు. వాళ్లను గమనించిన పరిశోధకుడు అశ్విన్ పుణతంబేకర్ 2007లో ఓ వ్యాసం రాశారు. అభిమాని అంటే ఈలవేసి గోలచేసేవాడు, లేదంటే కళ్లు మూసుకుని తలాడించే రసికుడు... ఈ రెండే కాదు, మధ్యలో చాలా ఉందన్నది ఆయన మాట. సినిమా హాలు ముందు డప్పులు కొట్టించే అభిమాన సంఘాలను చూసిన మనకు ఆ తేడా వేరే చెప్పక్కర్లేదు.

2000ల్లో 'చిమట మ్యూజిక్' వంటి వెబ్‌సైట్లు పాత తెలుగు పాటలను పోగుచేసి విన్నవాళ్లకు విన్నంత అందించాయి. అటకమీద దుమ్ముపట్టిన గ్రామఫోన్ రికార్డుల్లోంచీ అరిగిన క్యాసెట్లలోంచీ ఎన్నో పాటల్ని అభిమానులే కంప్యూటర్‌లోకి ఎక్కించారు. జీతం లేదు, బత్తెం లేదు... ఇష్టం అంతే! ఏ పందిరీ ఈ పని చేయలేదు. పందిట్లో పాడిన పాట తెల్లారేసరికి గాల్లో కలిసిపోతుంది. తెర దాన్ని పట్టి ఉంచింది.

పక్క కుర్చీ ఎవరిది?

మరి తేడా ఎక్కడుంది? మొదటిది, పక్క కుర్చీలో ఎవరున్నారన్న దాంట్లో ఉంది.

ఫోన్లో గ్రూపును మనం ఎంచుకుంటాం. ఇళయరాజా అంటే పడిచచ్చేవాళ్లంతా ఒకచోట, తమన్ అభిమానులంతా ఇంకోచోట. నచ్చనివాడు కనిపిస్తే గ్రూపులోంచి తీసేయొచ్చు. లేదా మనమే బయటికి రావచ్చు. తీర్థంలో ఆ వీలు లేదు. కనుమ రోజున జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థమే చూడండి. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు మోసుకుంటూ వస్తారు. గంగలకుర్రు ప్రభలైతే కౌశిక నీళ్లలోంచి, పచ్చటి చేలల్లోంచి జనం భుజాల మీద దాటి రావాల్సిందే. సన్నాయీ డప్పూ మోగుతుంటే 'అశ్శరభ శరభ' అన్న కేకలు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా కదిలింది ఈ తీర్థమే. అక్కడ పక్కవాడికి ఏ పాటంటే ఇష్టమో ఎవరూ అడగరు. మోత అందరి భుజాల మీదా ఉంటుంది, తాళం అందరి కాళ్లలోనూ ఉంటుంది.

రెండోది ఓపిక. ఆర్కెస్ట్రాలో తాతయ్యకు కావలసిన పాట రావాలంటే ముందు నాలుగు పాటలు వినాలి. అందులో మూడు ఆయనకు నచ్చవు. మనవడి తరం పాటలవి. మనవడికీ అంతే. తాతయ్య పాట నడుస్తున్నంతసేపూ కూర్చోవాల్సిందే. అలా కూర్చోబట్టే తాతల పాటలు మనవళ్ల నోటికి వచ్చాయి. 'పాడుతా తీయగా' 1996లో ఈటీవీలో మొదలైన కొత్తల్లో ఇళ్లలో జరిగిందీ ఇదే. ఇంటికి ఒకటే టీవీ. పదేళ్ల పిల్లల నుంచి పండు ముసలి దాకా ఒకే పాట విని, బాలసుబ్రహ్మణ్యం చెప్పే సవరణలు కలిసి నేర్చుకున్నారు. ఫోన్లో ఆ ఓపికతో పనిలేదు. నచ్చకపోతే వేలితో ఒక్క తోపు... తర్వాతి పాట!

మూడోది గొడవ. పందిట్లో గొడవలుండవా అంటే ఉంటాయి. సంక్రాంతికి రికార్డింగ్ డాన్సుల దగ్గర జరిగే రభస, పోలీసుల అనుమతుల చుట్టూ తిరిగే వివాదం గోదావరి జిల్లాలకు కొత్తేం కాదు. కానీ అక్కడ తిట్టినవాడి మొహం తెల్లారితే టీ కొట్టు దగ్గర కనిపిస్తుంది. 'ఏవండోయ్, రాత్రి కాస్త ఎక్కువైంది' అని సర్దుకోక తప్పదు. తెర మీద మొహం ఉండదు. మా హీరో పాటకు ఇరవైనాలుగు గంటల్లో ఇన్ని వ్యూస్, మీ హీరో పాటకు ఇంతే అంటూ మొదలై అమ్మానాన్నల దాకా వెళ్లిపోతుంది వాదన. పాట వినడం పోయి పాటను లెక్కపెట్టడం మిగులుతుంది. ఏ పాట ఎందుకు బాగుందో గంటలకొద్దీ చెప్పుకున్న ఆ పాత బృందాల పద్ధతి ఇప్పుడు వెతికితేగానీ దొరకదు.

సిగ్నల్ పోయిన రోజులు

2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగాయి. ఆ తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. దాదాపు రెండు వారాలు! ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్లకీ పక్క ఊళ్లకీ పరుగులు తీశారు. అభిమానుల గ్రూపుల సంగతి అడిగేదెవరు? నిన్నటిదాకా రోజుకు వంద సందేశాలొచ్చిన ఫోను మూగబోయింది. ఇంట్లో రేడియో ఉన్నవాళ్లకు మాత్రం పాట ఆగలేదు. గొంతు ఉన్నవాళ్లకు అసలే ఆగలేదు.

రెండు వారాలకు సిగ్నల్ వచ్చింది కాబట్టి సరే. అసలు తిరిగిరానివీ ఉన్నాయి. మన కుర్రకారంతా పాటల చర్చలతో ఊగిపోయిన ఆర్కుట్ 2004లో మొదలై 2014 సెప్టెంబరు 30న మూతపడింది. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో ముగిసిపోయింది. అదే ఏడాది జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించారు. పల్లెల్లో పాడి, ఆడి వేలమంది అభిమానులను పోగేసుకున్నవాళ్లకు తెల్లారేసరికి ఆ వేదికే లేదు. ఇక మైస్పేస్ సంగతైతే మరీ దారుణం. సంగీతకారుల స్వర్గమని పేరుపడ్డ ఆ సైట్, పన్నెండేళ్లపాటు జనం ఎక్కించిన పాటలు పోయాయని 2019లో ఒప్పుకుంది. అయిదు కోట్లకు పైగా పాటలని అంచనా!

అయితే పందిరి మాత్రం శాశ్వతమా? 2020లో కరోనా వచ్చినప్పుడు మూతపడింది పందిరే. తీర్థాలు లేవు, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాలు లేవు. ఆ సెప్టెంబరు 25న బాలసుబ్రహ్మణ్యం వెళ్లిపోతే ఊరూరా కూడి ఏడ్చే వీల్లేకపోయింది. ఆ రోజు ఏడ్చిందంతా ఫోన్లోనే. రాత్రంతా గ్రూపుల్లో పాటలు పంచుకుంటూ, తొలిసారి ఆయన్ని విన్న రోజు గుర్తుచేసుకుంటూ ఒకరినొకరు ఓదార్చుకున్నారు. తెర అంటే వెటకారం చేసిన పెద్దవాళ్లే ఆ రాత్రి దాన్ని వదల్లేకపోయారు.

అప్పుడే కొత్తపేట పేరు వార్తల్లోకొచ్చింది. తల్లిదండ్రుల విగ్రహాల పని అక్కడి శిల్పి రాజ్‌కుమార్ వుడయార్‌కి అప్పగించిన బాలు, తన విగ్రహం కూడా చేయించుకున్నారని అందరికీ తెలిసింది. వినాలనుకుంటే ఆయన పాటలన్నీ ఫోన్లోనే ఉన్నాయి. అయినా అభిమానికి ఓ చోటు కావాలి. దండ వెయ్యడానికో విగ్రహం, ఏడాదికోసారి నలుగురూ చేరి పాడుకోవడానికో అరుగు... ఘంటసాల విగ్రహాల దగ్గర ఇప్పటికీ జరుగుతున్నది అదే కదా!

పాట సరే... పాటగాడో?

అసలు తేడా అన్నింటికన్నా చివర్న ఉంది. అది డబ్బు దగ్గర తేలుతుంది.

తీర్థం కమిటీ ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేస్తుంది. అందులోంచి ఆర్కెస్ట్రాకు బయానా ఇస్తుంది. ఆ మొత్తాన్ని ఇద్దరు ముగ్గురు గాయకులు, కీబోర్డు వాయించే ఆయన, ప్యాడ్లూ తబలా వాళ్లు, సౌండ్ బాక్సుల ఆయన, వ్యాను డ్రైవరు పంచుకుంటారు. పాట నచ్చితే వేదిక మీదికొచ్చి నోటు చేతిలో పెట్టే చదివింపులు వేరే. పెద్ద సొమ్మేం కాదు. అయినా దానిమీద పిల్లల స్కూలు ఫీజులు కట్టుకున్న ఇళ్లున్నాయి. కరోనా కాలంలో ఆ ఇళ్లలో పొయ్యి వెలగడమే కష్టమైంది.

ఫోన్లో? అదే గాయకుడు అదే పాట పాడి యూట్యూబ్‌లో పెడితే మెచ్చుకోళ్లకు కొదవుండదు. కానీ అది సినిమా పాటైతే హక్కులు కంపెనీవి. యూట్యూబ్‌లో 'కంటెంట్ ఐడీ' అనే ఏర్పాటు ఆ పాటను గుర్తుపట్టేస్తుంది. వచ్చే ప్రకటనల ఆదాయం హక్కుదారు ఖాతాలోకి వెళ్లొచ్చు, ఒక్కోసారి వీడియోనే ఆగిపోవచ్చు. లక్షమంది చూసినా పాడినవాడి జేబులోకి రూపాయి వస్తుందన్న నమ్మకం లేదు. అంటే... పాట బతకడానికి తెర చాలు. పాటగాడు బతకడానికి పందిరి కావాలి!

పందిరి కూడా మునుపటిలా లేదు. ఆర్కెస్ట్రా పిలిచే ఖర్చులో డీజే వచ్చేస్తుందని కొన్ని కమిటీలు అటు తిరిగాయి. పెళ్లి సన్నాయి చోట్లోకీ స్పీకర్లు వచ్చాయి. మనవడు ఫోన్లో ఉన్నాడని తాతయ్య తిడుతున్నాడుగానీ, పందిట్లోంచి మనుషుల్ని తప్పించి పెట్టెలు పెట్టింది పెద్దవాళ్ల కమిటీలే!

మరి రెండూ కలిసి బతకడం కుదరదా? అమెరికాలో ఓ ముచ్చట జరిగింది. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం ఊరూరా తిరిగి కచేరీలు చేసేది. వినేవాళ్లు తమ కచేరీలను టేపు చేసుకుంటామంటే కాదనలేదు. పైగా 1984లో వాళ్ల కోసం హాల్లో ప్రత్యేకంగా చోటు కేటాయించింది. టేపులు అమ్ముకోకూడదు, పంచుకోవాలి... అదొక్కటే నియమం. 1985లో కాలిఫోర్నియాలో 'వెల్' అనే తొలితరం కంప్యూటర్ చర్చావేదిక మొదలైతే, అందులో ఎక్కువ కబుర్లు చెప్పుకున్నవాళ్లలో ఈ అభిమానులున్నారు. ఆ సంస్థ నిలదొక్కుకోవడానికి వాళ్లు కట్టిన రుసుములూ ఆసరా అయ్యాయి. వాళ్లు కచేరీ మానేసి కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు కాదు. నిన్నటి కచేరీ గురించి మాట్లాడుకోవడానికీ రేపటి కచేరీకి కలిసి వెళ్లడానికీ కంప్యూటర్ పెట్టుకున్నవాళ్లు. తెర వాళ్లకు పందిరికి వెళ్లే దారి అయింది.

మన దగ్గరా ఆ దారి లేకపోలేదు. స్మ్యూల్‌లో పరిచయమైనవాళ్లు ఏ ఆదివారమో ఒకచోట కలిసి పాడుకోవడం చూస్తున్నాం. ఊరి ఆర్కెస్ట్రా కార్యక్రమాన్ని కుర్రాళ్లు ఫోన్లో ప్రత్యక్షప్రసారం చేయడమూ మామూలైంది. ఆ ప్రసారం చూసేవాళ్లు ఎవరో తెలుసా? రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు నుంచి బతుకుతెరువు కోసం గల్ఫ్ వెళ్లినవాళ్లు. కువైట్‌లో ఎవరింట్లోనో పని ముగించుకుని, చిన్న గదిలో పక్కమీద వాలి, తన ఊరి మైక్‌సెట్ మోత ఫోన్లో వినే అమ్మకు పందిరి ఏదో తెర ఏదో విడదీసి చెప్పగలమా? ఆమెకు రెండూ ఒకటే. కాకపోతే అక్కడ పందిరి ఉంటేనే ఇక్కడ తెర మీద ఏదన్నా కనిపించేది!

కాబట్టి ఈసారి తీర్థానికి వెళ్లినప్పుడు పిల్లల చేతిలో ఫోను చూసి విసుక్కోకండి. దాన్ని వేదిక వైపు తిప్పమనండి. పాడుతున్నవాళ్ల పేర్లూ ఫోను నంబరూ అడిగి, వాళ్లు సరేనంటే ఆ వీడియో కిందే పెట్టించండి. అది చూసి వచ్చే పెళ్లికి ఎవరన్నా ఆ బృందాన్ని పిలిస్తే, లైకు కాస్తా బయానా అయినట్టే కదా!

తీర్థంలో రాత్రి పన్నెండు దాటింది. తాతయ్య చీటీ పంపిన పాట ఎట్టకేలకు మొదలైంది. గాయకుడు పల్లవి ఎత్తుకోగానే మనవడు ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు. చరణం వచ్చేసరికి రెండోదీ తీశాడు. మెల్లగా ఫోను పైకెత్తి వేదిక వైపు తిప్పాడు.

"ఎవరికిరా చూపిస్తున్నావ్?"

"మా గ్రూపువాళ్లకి తాతయ్యా. ఇదే పాట మళ్లీ పాడమని అడుగుతున్నారు... చీటీ పంపుతారా?"

"ఆయ్... ఎందుకు పంపనూ! కాయితం ఇలా ఇవ్వు."